కూటసాక్ష్యం: ఫిర్యాదు ఎవరు చేయాలి?

కోర్టులో కూటసాక్ష్యం చెబితే ఏడేళ్ల దాకా జైలు పడవచ్చని 1860 నాటి భారత శిక్షాస్మృతి 193వ సెక్షన్‌లోనే చెప్పారు. అయినా కింది కోర్టుల్లో ఆ శిక్ష అరుదు. మన సాక్షులే అంత అని చాలామంది తేల్చేస్తారు. అసలు కారణం ఫిర్యాదు హక్కు చరిత్రలో ఉందని నా వాదన. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 195వ సెక్షన్ కింద కోర్టు అనుమతి తెచ్చుకుంటే ప్రత్యర్థి కూడా కేసు నడపగలిగేవాడు. ఆ అనుమతి పగ తీర్చుకోవడానికీ, బెదిరించడానికీ ఆయుధమైంది. అందుకే 1923 సవరణ ఆ దారి మూసి, సంబంధిత కోర్టే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలంది. 1973 కోడ్‌లో 340వ సెక్షన్ ఇదే పద్ధతిని కొనసాగించింది.

ప్రత్యర్థికే మళ్లీ ఆ హక్కు ఇవ్వాలనేవారున్నారు. నేను ఒప్పుకోను, సాక్ష్యం చెప్పాక కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుందనుకుంటే నిజం చెప్పేవాడూ బోనెక్కడు. కానీ పెండింగ్ కేసుల బరువు మోస్తున్న మేజిస్ట్రేటు, ఒక కేసు ముగించి దాని నుంచే మరొకటి మొదలుపెట్టాలంటే వెనకాడడా? అలా మరో కేసు మొదలుపెట్టకుండానే, 1973 కోడ్ 344వ సెక్షన్ కింద అక్కడికక్కడే సంక్షిప్త విచారణ జరిపి మూడు నెలల దాకా జైలో, 500 రూపాయల దాకా జరిమానానో, రెండూనో వేసే వీలుండేది. ఆ కోడ్ స్థానంలో వచ్చిన 2023 చట్టం ఈ వీలును ఉంచి, జరిమానాను 1000 చేసింది. దీన్ని వాడితే పేద సాక్షే బలవుతాడన్న అభ్యంతరం బరువైనదే. బెదిరించినవాడిని వదిలి బెదిరినవాడిని శిక్షించడం అన్యాయం. అందుకే అబద్ధం చెప్పమని బెదిరించడాన్ని నేరం చేస్తూ 2006లో శిక్షాస్మృతిలో 195ఎ సెక్షన్‌గా వచ్చిన నిబంధననూ, 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకాన్నీ ముందు కింది కోర్టులు గట్టిగా వాడాలి.