చిత్రిక మీద పేరు

మన సమీక్షల్లో "చిత్రిక పట్టిన వాక్యం" అనే మాట తరచూ కనిపిస్తుంది. నేనూ రెండు మూడుసార్లు వాడాను. వాక్యాన్ని నున్నగా తీర్చారని దాని భావం. అయితే వడ్రంగి చేతిలో చిత్రిక చేసే పని నున్నచేయడం ఒక్కటే కాదు. పలక కూర్చోడానికి గాడి తీయాలి, తలుపు చట్రం అంచున మెట్టు దించాలి, పైకప్పు కింద గోడ చుట్టూ తిరిగే పట్టీకి ఒంపులు తేవాలి. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోనూ, అమెరికాలోని దాని వలసల్లోనూ వీటిలో ఒక్కో పనికి ఒక్కో చిత్రిక ఉండేది. వాటి చరిత్ర చదువుతూ ఉంటే నాకు వడ్రంగం కంటే రచయితల గురించి, సంతకాల గురించి ఎక్కువ ఆలోచనలు వచ్చాయి.

కిటుకంతా చిత్రిక అడుగులో ఉంది. మామూలు చిత్రిక అడుగు చదునుగా ఉంటుంది, బ్లేడు అంచు తిన్నగా ఉంటుంది. మోల్డింగ్ ప్లేన్ అలా కాదు. చెక్క మీద ఏ ఒంపు రావాలో దాన్ని తిరగేసిన రూపం అడుగులో చెక్కి ఉంటుంది. బ్లేడునీ అదే ఆకారానికి అరగదీస్తారు. పట్టీ అవతలి కొస దగ్గర మొదలుపెట్టి, ఒక్కో తోపుకీ కాస్త వెనక్కి జరుగుతూ పని చేయాలి. కావలసినంత లోతు రాగానే అడుగు పక్కనుండే అంచు చెక్కకి ఆనుకుంటుంది, ఇక బ్లేడు తెగదు. అంటే ఎంత లోతు, ఏ ఒంపు అనే నిర్ణయాలన్నీ చిత్రిక చేసినవాడు ముందే తీసేసుకున్నాడు. తోసేవాడు చూసుకోవలసినవి చెక్క పోగు ఎటు నడుస్తోంది, చిత్రికని ఎంత వాలుగా పట్టుకోవాలి అన్న రెండే. ఆ వాలు కోసం కూడా ఇంగ్లీషు చిత్రికల ముందు ముఖం మీద సన్నటి గీత గీసి పెట్టేవారు. గీత నిటారుగా నిలిస్తే పట్టు కుదిరినట్టు.

ప్రతి ఒంపుకీ ఒక చిత్రిక కొనాలంటే ఖర్చు. దానికో మధ్యేమార్గం ఉంది: లోపలికి వంగిన అడుగు ఒకటి, బయటికి ఉబ్బిన అడుగు ఒకటి, ఇలా జతలు. వీటిని హాలోలు, రౌండ్లు అంటారు. పూర్తి సెట్ అంటే 18 జతలు, మొత్తం 36 చిత్రికలు. అందులో సగం ఉన్నా దాదాపు ఏ మోల్డింగునైనా భాగాలు భాగాలుగా తీయొచ్చు. కాకపోతే లోతునీ, వాలునీ తనంతట అది ఆపే ఏర్పాటు వీటికి ఉండదు. నిర్ణయాలు మళ్ళీ తోసేవాడి కంటి మీదా చేతి మీదా పడతాయి. ప్రత్యేక చిత్రికని ఎంచుకోవడమంటే అసలు ఎంచుకునేది ఇదే: నైపుణ్యం పనిముట్టులో ఉండాలా, చేతిలో ఉండాలా?

పనిముట్టులో ఉన్న నైపుణ్యం ఎవరిది అనే ప్రశ్న దీని వెనకే వస్తుంది. అది మనల్ని మసాచుసెట్స్‌లోని రెంథమ్ అనే ఊరికి తీసుకెళుతుంది. ఫ్రాన్సిస్ నికల్సన్ అక్కడివాడు. అమెరికాలో చిత్రికలు చేసినట్టు మనకి తెలిసినవాళ్ళలో అందరికంటే పాతవాడు. ఇంగ్లండ్‌లో బీచ్ కర్ర వాడే చోట న్యూ ఇంగ్లండ్ వాళ్ళు ఎక్కువగా పసుపు బర్చ్ వాడేవారు. చిత్రిక ముందు ముఖం మీద నికల్సన్ తన పేరు గుద్ది, దాని కింద "నివాసం రెంథమ్" అనే అర్థం వచ్చే మాటలు గుద్దేవాడు.

ఆ కార్ఖానాలో సీజర్ చెలర్ అనే నల్లజాతి మనిషి బానిసగా పని చేశాడు. నికల్సన్ 1753లో చనిపోయాడు. వీలునామాలో చెలర్‌కి స్వేచ్ఛ ఇచ్చాడు. దాంతోపాటు పని బల్ల, పనిముట్లు, పదెకరాల భూమి రాసిచ్చాడు. ఇచ్చిన వస్తువుల్ని బట్టే చెలర్ ఆ పనిలో ఎంత ఆరితేరినవాడో తెలుస్తుంది. మరి అంతకుముందు నికల్సన్ పేరుతో బయటికెళ్ళిన చిత్రికల్లో అతను చెక్కినవి లేవని అనుకోగలమా? నాకైతే నమ్మబుద్ధి కాదు. అవి ఏవేవో ఇప్పుడు విడదీసి చూపడం అసాధ్యం. ముద్ర ఒకరిదే ఉంటుంది.

స్వేచ్ఛ వచ్చాక చెలర్ తన ముద్ర తయారు చేయించుకున్నాడు. పైన సీజర్ చెలర్ అని తెలిసేలా పేరు, కింద అవే మాటలు, "నివాసం రెంథమ్". వరస యజమానిదే. కానీ నికల్సన్ ముద్రలో వ్యాపారి చిరునామాలా కనిపించే ఆ మాటని చెలర్ ముద్రలో నేను అలా చదవలేకపోతున్నాను. నిన్నటిదాకా ఇంకొకరి ఆస్తిగా ఉన్న మనిషి ఫలానా ఊళ్ళో ఉంటున్నానని రాసుకున్నాడు. అతను 1784లో చనిపోయాడు. మసాచుసెట్స్‌లో బానిసత్వం చెల్లదని కోర్టు తేల్చింది అంతకు ముందు ఏడాదే.

తర్వాతి శతాబ్దం యంత్రాలది. 1828లో విలియమ్ వుడ్‌వర్త్ చిత్రిక పట్టే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆపైన ఆవిరితో నడిచే మిల్లులు మోల్డింగుల్ని కూడా గజాల లెక్కన అమ్మసాగాయి. చెక్క చిత్రికల గిరాకీ పడిపోయింది. ఆ దశలో స్టాన్లీ కంపెనీ 1880లలో 45వ నంబరు, 1897లో 55వ నంబరు ఇనుప చిత్రికలు తెచ్చింది. ఒకటే చట్రం, మార్చుకునే బ్లేడ్లు. 55కి వచ్చే బ్లేడ్లు యాభైకి పైనే. చిన్నసైజు మిల్లు మొత్తం ఒక పెట్టెలో కొన్నట్టేనని ప్రకటనలు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. అన్నీ ఒకదాంట్లోనే చేసిపెట్టే వస్తువంటే మా వాళ్ళకి ఎంత మోజో తెలుసు, దాన్ని సెట్ చేయడానికే పొద్దంతా ఎలా పోతుందో కూడా తెలుసు. అయితే 55తో వచ్చే ఇబ్బంది మరలు తిప్పే చాకిరీ ఒక్కటే కాదు. దానికి అడుగు లేదు. సన్నటి ఇనుప పట్టీల మీద జారుతుంది. చెక్క చిత్రికలో అడుగు బ్లేడు ముందు పోగుని అణిచి పట్టుకుంటుంది కాబట్టి కోత శుభ్రంగా వస్తుంది. ఇక్కడ ఆ అణిచిపట్టు లేదు. పోగు కాస్త ఎదురు తిరిగితే చెక్క పెచ్చులు లేస్తుంది. ఆకారాన్ని బ్లేడుగా విడదీసి అమ్మగలిగారు గానీ, దాన్ని మోసే అడుగుని మాత్రం పెట్టెలో పెట్టలేకపోయారు.

గాడులు తీయడానికి 45 ఇప్పటికీ మంచి పనిముట్టే. పని నేర్చుకునేవాళ్ళు ఎవరైనా అడిగితే ముందు మెట్టు దించే చిత్రిక, తర్వాత గాడి తీసేది, ఆ తర్వాత ఒక జత హాలో, రౌండ్ చాలంటాను. పాతది కొనేటప్పుడు అడుగు వంకర పోయిందా, బ్లేడూ అడుగూ ఇంకా ఒకే ఆకారంలో ఉన్నాయా చూసుకోవాలి. అరగదీసీ అరగదీసీ రెండూ వేర్వేరు ఆకారాలైతే ఎంత పదును పెట్టినా లాభం లేదు.

ముందు ముఖాన్నీ చూడండి. అక్కడ ఒక పేరుంటే అది కార్ఖానాదై ఉంటుంది, చేసిన చేతిదే కానక్కర్లేదు. దాని పక్కనే ఇంకో పేరో రెండు పేర్లో కూడా ఉండొచ్చు. అవి దాన్ని వాడినవాళ్ళవి, చేతులు మారినప్పుడల్లా గుద్దుకున్నవి.