గేరు ఏ కాలిది, బ్రేకు ఏ కాలిది?

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు వెళ్లే రోడ్డు మీద ఈ రోజు కొత్త గేర్ల బండి ఏది కనిపించినా గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి ఉంటాయి. మొదటినుంచీ ఇలాగే ఉండేవనుకుంటే పొరపాటు.

తొలినాళ్లలో గేరు మార్చడం చేతి పని. పెట్రోలు ట్యాంకు పక్కన పొడుగాటి రాడ్డు ఉండేది. పందెంలో హ్యాండిల్ వదిలి దాన్ని వెతుక్కోవడం ప్రమాదమని గేరును కాలికి అప్పగించారు. అసలు మలుపు 1920ల చివర ఇంగ్లండులోని వెలోసెట్ కంపెనీలో వచ్చింది. అక్కడ హెరాల్డ్ విల్లిస్ రూపొందించిన పద్ధతిలో ఒక్క తొక్కుకు ఒక్క గేరే మారుతుంది, రాడ్డు మళ్లీ తన చోటికే వస్తుంది. ఆ చోటు స్థిరపడ్డాకే అది మన పాదానికి ఎత్తా, పల్లమా అని చూసుకునే వీలు కలిగింది.

అయితే ఏ కాలికి? బ్రిటిష్ బండ్లలో ఎక్కువ భాగం గేరు కుడివైపే. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా అదే అమరికతో తిరువొత్తియూరులో బుల్లెట్లు తయారుచేసింది. మైసూరులో 1961 నుంచి తయారైన జావాకు గేరు ఎడమవైపు. పైగా గేరు రాడ్డునే తిప్పి కిక్కు కొట్టాలి! రెండు రకాలూ నడిపే మనిషి కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కే ప్రమాదం ఉండనే ఉంది. 1974 సెప్టెంబరు నుంచి అమెరికా ఎడమ గేరు, కుడి బ్రేకు తప్పనిసరి చేసింది. అక్కడ అమ్ముకోవాలంటే బ్రిటిష్ కంపెనీలకూ మారక తప్పలేదు. మన బుల్లెట్టు మాత్రం ఈ శతాబ్దం దాకా పాత పద్ధతిని వదల్లేదు.

ముందూ వెనకా తొక్కే గేరు రాడ్డు 1958 నాటి హోండా సూపర్ కబ్‌కే ఉంది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100కూ అదే ఏర్పాటు. పైగేరుకు ముందు వేళ్లతో, కిందిగేరుకు మడమతో నొక్కాలి. చెప్పుల కాళ్లతో రొయ్యల గుంతల గట్లమీద తిరిగేవాళ్లకు ఇంతకన్నా అనువైనది లేదని నా అభిప్రాయం.

ఏ కాలికి ఏదన్నది తేలిపోయింది. ఎత్తు మాత్రం మనమే తేల్చుకోవాలి. చాలామంది షోరూంలో ఎలా ఇస్తే అలాగే ఏళ్ల తరబడి నడుపుతూ కాలు నొప్పని బండిని తిడతారు. గేరు రాడ్డు పళ్లున్న షాఫ్టుకు బిగించి ఉంటుంది. బోల్టు పూర్తిగా తీసి, రాడ్డును లాగి, ఒక్క పన్ను జరిపి మళ్లీ బిగిస్తే చాలు. ముందు కొన దించితే మడమ వైపు లేస్తుందని మరవొద్దు. బ్రేకు విషయంలో పాదం ఫుట్‌రెస్టు మీద ఉండగానే చీలమండ కదలికతో పెడల్ అందాలి. తొక్కడానికి మోకాలు ఎత్తాల్సివస్తే ఆ ఆలస్యంలోనే బండి కొన్ని గజాలు ముందుకు పోతుంది. డ్రమ్ము బ్రేకుకు పెడల్ కొన దగ్గర సాధారణంగా 20-30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. అంతకన్నా బిగిస్తే చక్రం పట్టేసి డ్రమ్ము వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. పని అయ్యాక మెయిన్ స్టాండు వేసి చక్రం తిప్పి చూడాలి, పెడల్ తొక్కితే వెనక లైటు వెలుగుతోందో లేదో కూడా. సముద్రపు గాలికి పెడల్ ఇరుసు తుప్పుపట్టి బిగుసుకుంటుంది కనుక మన తీరంలో దానికి గ్రీజు తప్పదు.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ వరకు బండ్లకు కలిపి పట్టే బ్రేకో, ఏబీఎస్సో తప్పనిసరి చేశారు. కలిపి పట్టే బ్రేకున్న మోటారుసైకిళ్లలో సాధారణంగా కాలి పెడల్ తొక్కితే ముందు చక్రమూ కొంత పట్టుకుంటుంది. అలాంటి బండికి మీరే పానా పట్టకుండా మెకానిక్‌కు చూపించండి.