తుంగభద్ర ఎడమకాలువ: నీరు, నత్రజని

గంగావతి, సింధనూరు ప్రాంతముల తెలుగు పల్లెలకు నేటికిని 'క్యాంపు' అనియే పేరు. తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగినది; 1953లో కాలువలకు నీరు వదలిరి. అప్పుడీ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రములోనిది; 1956లో మైసూరులో చేరినది. గోదావరి, కృష్ణా మండలముల రైతులు వచ్చి, నల్లరేగడి కొని, చదును చేసి, గట్లు వైచి వరి నాటిరి.

వారి కష్టమును గూర్చి మనము తరచుగా చెప్పుకొందుము. వారు వెంట తెచ్చిన నీటి అలవాటును గూర్చి చెప్పుకొనుట అరుదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా రైతు మడినుండి మడికి నీరు పారించుటకు అలవడెను. ఎడమకాలువ అందులకై త్రవ్వినది కాదు. దాని నీటిని జొన్న, ప్రత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పైరులకే ఎక్కువగా కేటాయించిరి; వరికి కొద్దిభాగమే. ఎగువ వరి పెరిగినకొలది దిగువ రాయచూరు వైపు పొలములకు నీరందదయ్యెను. పల్లపు నేలలలో నీరు నిలిచి చౌడు తేలెను. ఇది ఓర్వలేనివారి నిందయని త్రోసివేయుట మనకు న్యాయము కాదు.

నత్రజని కథయు ఈ నీటితోడనే ముడివడియున్నది. పొడవైన పాతరకములకు ఎరువు మించినచో పైరు పడిపోవును. 1960ల నడుమనుండి తైచుంగ్ నేటివ్-1, ఐ.ఆర్.8 వంటి పొట్టిరకములు వచ్చిన పిమ్మట యూరియా బస్తాలు పెరిగినవి. అందు నూటికి 46 పాళ్ళు నత్రజని. నీరు నిలిచిన మడిలో అది అమ్మోనియం రూపమున మట్టిని అంటియుండును. నేల ఆరి గాలి సోకినచో నైట్రేటగును. మరల నీరు పెట్టగానే కొంత వాయువై పోవును. నిండు నీటిలో చల్లినచో కొంత అమ్మోనియాగా ఎగిరిపోవును, కొంత క్రింది మడికి జారును. క్రింది మడివాడు చుట్టమేయైన ఫరవాలేదనుకొందము. చివరకది చేరునది మురుగుకాలువకే గదా!

కావున నీటిని పలుచగా తీసివేసి, బురదపై యూరియా చల్లి, ఒకటి రెండు దినముల పిదప నీరు పెట్టవలెను. ఈ పద్ధతి మన రైతులెరుగనిది కాదు. అయితే దీనికి అనుకొన్ననాడు నీరు రావలెను. వంతు ఎప్పుడు వచ్చునో తెలియని చివరి రైతు దొరికిన నీటిని వదలుటకు జంకి, నిండు మడిలోనే ఎరువు చల్లును. ఆకు పచ్చబారకున్న మరియొక బస్తా తెచ్చును. ఆ రెండవ బస్తా ఖర్చు ఎగువ మడులలో అధికముగా పారిన నీటి లెక్కలోనిదే.