దిరిసెన పువ్వు: సంకోచం ఖరీదు ఎవరిది?

చేజారిన ప్రేమ, ఆ తర్వాతి పశ్చాత్తాపం అనగానే మన విమర్శ నేరుగా దేవదాసు దగ్గరికి పోతుంది. అంతకు చాలా ముందే ఈ చర్చకు తావిచ్చిన కావ్యం ఒకటి తెలుగులో ఉంది. అది 15వ శతాబ్దపు పిల్లలమర్రి పినవీరభద్రుడి ‘శృంగార శాకుంతలం’. ఆయన ఇంటిపేరు సూర్యాపేట పక్కనే రేచర్ల రెడ్ల గుడులున్న పిల్లలమర్రిని తలపిస్తుంది. ఇంటిపేరొక్కటే కవి ఊరికి రుజువు కాదు గనుక ఆ బంధాన్ని అంతవరకే తీసుకుంటాను. నాకు ముఖ్యమైనది కథను కూర్చిన తీరు. భారత కథనూ కాళిదాసు నాటకాన్నీ నాలుగు ఆశ్వాసాల్లో కలిపి నడిపాడు. దుష్యంతుడి విషయంలో ఆ రెండింటికీ పొత్తు కుదరదు. భారతంలో రాజుకు శకుంతలను పెళ్లాడిన సంగతి అంతా గుర్తే. లోకం ఏమంటుందోనని ఎరగనట్టుంటాడు, ఆకాశవాణి పలికాక గాని ఒప్పుకోడు. కాళిదాసు దుర్వాసుడి శాపం తెచ్చి ఆ తప్పును రాజు నెత్తి మీంచి దించాడు.

శాపం ఉండగా సంకోచం మాటెక్కడిదని అడగవచ్చు. శాపం జ్ఞాపకాన్ని తీసుకుపోయింది గాని మనసు లాగడం ఆగలేదు. నాటకం ఐదో అంకంలో శకుంతల మేలిముసుగు తొలగాక రాజు ఆమెను వదులుకోనూ లేడు, చేపట్టనూ లేడు. భార్యను విడవడం, పరస్త్రీని తాకడం, ఈ రెంటిలో ఏ పాపం చిన్నదో పురోహితుణ్ణి అడుగుతాడు. అలా వెనకాడటం ధర్మమే కదా అంటే, ఆ మాటలో బలముంది. అయితే ఆ ధర్మానికి మూల్యం చెల్లించిందెవరు? వెంట రావద్దని కణ్వుడి శిష్యులు గదమగా, కడుపుతో ఉన్న శకుంతల రాజు ఎదుట ఒంటరిగా మిగిలింది. 1917లో అచ్చయిన శరత్ ‘దేవదాసు’ నవలలోనూ, 1953 నాటి తెలుగు సినిమాలోనూ లెక్క ఇదే. పరువును పణంగా పెట్టి అర్ధరాత్రి గడప దాటింది పార్వతి, పెద్దల ఒప్పుదల కోసం ఆగింది దేవదాసు. మనం మాత్రం అతని తాగుడుకే ఎక్కువ కన్నీళ్లు పెట్టాం. పశ్చాత్తాపాన్ని వెనకాడినవాడి బాధతో కొలిచినంత కాలం, అప్పటికే ముందడుగు వేసిన మనిషి నష్టం విమర్శకు కనబడదు.

ఈ కొలతను నేటి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ యువతీయువకులకు గుడ్డిగా తగిలించకూడదన్న అభ్యంతరం సబబైనదే. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి భార్య కళ్లెదుటే నరికి చంపారు. అక్కడ వెనకాడేవాళ్లను పిరికివాళ్లనే హక్కు ఏ విమర్శకుడికీ లేదు. ప్రాణానికి జంకడం వేరు, లోకనిందకు జంకడం వేరు. దుష్యంతుడు రాజు, దేవదాసు జమీందారు కొడుకు. వాళ్ల మీదికి కత్తి ఎత్తేవాడు లేడు. శకుంతలకిచ్చిన ఉంగరం దొరికి అంతా గుర్తొచ్చాక, కాళిదాసు ఆరో అంకంలో రాజు శకుంతల బొమ్మ గీస్తాడు. మాలినీ నది ఇసుకలో హంసల జంటను ఇంకా గీయాలంటాడు, ఆమె చెవిన దిరిసెన పువ్వు ఇంకా పెట్టలేదంటాడు. రాజు చేతి నీళ్లు తాగనని మొరాయించిన లేడిపిల్ల సంగతి ఆమె ఐదో అంకంలో గుర్తుచేసినప్పుడు, ఆడవాళ్ల జిత్తులని కొట్టిపారేసింది ఈ మనిషే.