పేరు చెక్కని కొలిమి: హుజూర్‌నగర్ ప్రాంత సాయుధపోరాటంలో బర్మారు తుపాకి

తెలంగాణ రైతాంగ సాయుధపోరాటానికి (1946–51) సంబంధించిన రచనల్లో ఆయుధం పట్టినవారికి దక్కిన చోటు, ఆయుధాన్ని పనిచేయించినవారికి దక్కలేదు. గుత్పలు, వడిసెలలు, కారంపొడితో మొదలైన ప్రతిఘటన, 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లు ఇచ్చిన పిలుపుతో సాయుధపోరాటంగా మారింది. అప్పటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు దానికి ప్రధాన క్షేత్రాలు. దళాలు దొరల నుండి స్వాధీనపరచుకొన్న తుపాకుల్లో బర్మార్లూ ఉన్నాయి. ఈ బర్మారుకూ గ్రామ కొలిమికీ గల సంబంధం పరిశీలించదగినది.

‘బర్మారు’ అనేది హిందుస్తానీ ‘భర్‌మార్’కు తెలుగు రూపం. నింపి కొట్టేది అని అర్థం. గొట్టం మూతి నుండి మందు పోసి, గుడ్డపీలిక కూరి, గుండు వేసి, గజంతో దట్టించాలి. గొట్టం అడుగున ఉన్న సన్నని రంధ్రం ద్వారా నిప్పు లోపలి మందుకు సోకుతుంది. ఆ నిప్పును పాతకాలంలో ఒత్తితోనో చెకుముకి రాతితోనో పుట్టించేవారు. తరువాతి కాలంలో టోపీలు వచ్చాయి. రంధ్రం పూడినా, కమాను విరిగినా, గజం వంగినా తుపాకి ఒట్టి ఇనుపగొట్టమే. వీటిని సరిచేయడానికి కావలసిన దాకలి, సమ్మెట, పట్టకారు, ఆకురాయి నాగలికర్రు సాగగొట్టే కమ్మరి వద్దే ఉంటాయి. మడమ చెక్కడం వడ్రంగి పని.

ఇక్కడొక సాంకేతిక భేదాన్ని గుర్తించాలి. పోలీసుల .303 రైఫిల్ మెరుగైన ఆయుధమే గాని, దాని తూటా కర్మాగారంలో తయారు కావలసిందే. శత్రువు నుండి తూటాలు దొరకని నాడు అది మూగదే. బర్మారు గుండుకు సీసం కరిగించి అచ్చులో పోస్తే చాలు. మందుకు సురేకారం, గంధకం, బొగ్గు కావాలి. టోపీలు మాత్రం కొనక తప్పదు కనుక దీనిని పూర్తి స్వావలంబన అనలేము. గురి దగ్గరిదే, నింపడానికి పట్టే సమయమూ ఎక్కువే. అయినా గ్రామపు చేతిపనితో బతికే తుపాకి అదొక్కటే.

తెలంగాణ లోహవిద్య ప్రస్తావన రాగానే కోనసముద్రం ఉక్కును తలచుకోవడం పరిపాటి. హెచ్. డబ్ల్యు. వాయ్‌సీ రాసిన ఆ ఉక్కు తయారీ వర్ణన 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. కాని ఆ ఉక్కు ప్రధానంగా కత్తులకు ప్రసిద్ధి. చేతితో చేసే తుపాకి గొట్టానికి ఎర్రగా కాగి అతుక్కొనే మెత్తని ఇనుము కావాలి. కోనసముద్రం కీర్తిని బర్మారుకు అంటగట్టడం సరికాదు. 1795లో రేమండ్ హైదరాబాదులో నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా కూడా రాజ్యం అవసరాల కోసం ఏర్పడినదే. దాని చరిత్రతో గ్రామ కొలిమి చరిత్రను కలపరాదు.

పోలికకు అమెరికా పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ఉపకరిస్తుంది. 18వ శతాబ్దంలో జర్మన్ భాషాప్రాంతాల నుండి వలసవచ్చిన పనివారు అక్కడ పొడవు గొట్టపు రైఫిళ్లను రూపొందించారు. ఇనుపపట్టీని కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో అతికి, లోపల మెలితిరిగిన గాళ్లను చేతితో కోసేవారు. గొట్టం తరచు 40 అంగుళాలకు మించేది. మడమ చారల మేపుల్ కర్ర. వారిలో జేకబ్ డికర్ట్ (1740–1822) తన పేరును గొట్టంపైనే చెక్కేవాడు. ఆ సంతకాల ఆధారంగానే నేటి పరిశోధకులు ఏ తుపాకి ఎవరిదో నిర్ణయించగలుగుతున్నారు. అయితే అనేక రైఫిళ్లకు పేల్చే యంత్రభాగం ఐరోపా నుండే దిగుమతి అయ్యేది. అంటే సంతకం కూడా కొందరి శ్రమను కనబడనీయదు.

హుజూర్‌నగర్ పరిసరాల్లో సంతకం కీర్తి కాదు, సాక్ష్యం. తిరుగుబాటుదారు తుపాకిపై కమ్మరి పేరుంటే అది అతణ్ని పట్టివ్వడానికే పనికివచ్చేది. సూర్యాపేట, కోదాడల నడుమ ఉన్న మునగాల పరగణా నిజాం రాజ్యం చుట్టుముట్టిన మద్రాసు రాష్ట్రపు భూభాగం, కృష్ణా జిల్లాలో భాగం. అక్కడ 1878 నాటి ఆయుధచట్టం వర్తించేది. పొలిమేర దాటితే నిజాం శాసనం. ఒకే తుపాకి కొద్ది మైళ్లలో రెండు ప్రభుత్వాల ఎదుట నేరవస్తువయ్యేది.

ఆ కమ్మరి సామాజికస్థితి మరొక అంశం. కమ్మరులు, వడ్రంగులు దొరలకు వ్యవసాయ పనిముట్లను ఉచితంగా చేసిపెట్టవలసివచ్చిన వెట్టిని పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి తన పోరాట చరిత్రలో నమోదు చేశారు. దొర నాగలికి కూలి లేకుండా కర్రు సాగగొట్టిన చేతికీ, దొర గడీ నుండి వచ్చిన బర్మారును సరిచేయగల చేతికీ కావలసిన నేర్పు ఒక్కటే. 1948 సెప్టెంబరు సైనికచర్య తరువాతా, 1951 అక్టోబరులో పోరాటం విరమించే వరకూ ఆ నేర్పు అనుమానించదగినదిగానే ఉండింది. అందుచేత ఈ పనివారిని వెదకవలసిన చోటు అమరుల జాబితా కాదు. మిగిలిన బర్మార్ల మరమ్మతు గుర్తులు, గొట్టం అతుకులు, నాగలి మేకుతో బిగించిన మడమలు.