కాన్పు గదిలో కూర్చునే మనిషి

కరీంనగర్‌లో నేను స్టాఫ్ నర్సుగా చేరిన రోజుల్లో కాన్పు గదిలో సగం పని ఎదురుచూడటమే. తొలిచూలుకు పన్నెండు గంటలు, ఒక్కోసారి పద్దెనిమిది. ఊళ్లో మంత్రసాని చేసిందీ అదే: నడుం రాయడం, నాలుగడుగులు నడిపించడం, పక్కన కూర్చోవడం. నెత్తురు ఆగకపోతేనో, బిడ్డ అడ్డం తిరిగితేనో ఆమె చేతిలో ఏమీ లేదు. తల్లులు పోయేవాళ్లు. అందుకే అందరినీ దవాఖానకు రమ్మన్నాం. 2005లో జననీ సురక్ష యోజన, 2017లో కేసీఆర్ కిట్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో నూటికి 97 కాన్పులు దవాఖానల్లోనే.

అదే సర్వేలో సిజేరియన్లు నూటికి 60.7. దేశం మొత్తానికి 21.5. మా కరీంనగర్ జిల్లాలో 82 దాటింది!

డాక్టర్ల డబ్బాశ అంటారు. ప్రైవేటులో 81.5 శాతమన్నప్పుడు కాదనలేను. కానీ బిల్లు కట్టించుకోని సర్కారు దవాఖానల్లోనూ 44.5 ఉంది కదా. తల్లులను లోపలికి తెచ్చుకుని, మంత్రసానిని గడప బయటే ఆపేశాం. ఆమె బదులు కూర్చునే మనిషిని మాత్రం పెట్టలేదు. నర్సింగ్ హోంలో డాక్టరమ్మ ఒక్కతే. పొద్దున ఓపీ, రాత్రి నొప్పులు. ఆపరేషనైతే గంటలో ముగుస్తుంది.

ఒకసారి కోస్తే రెండోసారీ కోతే. ఈ లెక్కకు పాత కథ ఉంది. 1882లో జర్మనీలో మాక్స్ జేంగర్ గర్భసంచిని వెండి తీగతో, పట్టుదారంతో కుట్టి చూపించేదాకా సిజేరియన్ తర్వాత తల్లి బతకడం అరుదు. 1916లో న్యూయార్క్ డాక్టరు క్రేగిన్ ఒకసారి సిజేరియనైతే ఎప్పుడూ సిజేరియనే అన్నాడు. అప్పటి కోత నిలువు కోత, నొప్పుల్లో చిట్లే ప్రమాదం ఎక్కువ. తర్వాత కింది భాగంలో అడ్డకోత వచ్చి ఆ ప్రమాదం బాగా తగ్గింది. మాట మాత్రం మిగిలింది. మా రిజిస్టర్లో ‘పాత సిజేరియన్’ అని రాస్తే ఇక వేరే కారణం అడిగేవాళ్లు లేరు.

ఇంటివాళ్లూ తక్కువవాళ్లు కాదు. “సిస్టరమ్మా, పొల్ల ఓర్సుకుంటలేదు, కోసెయ్యమనుండ్రి” అని తల్లే బతిమాలుతుంది. పంతులు రాసిచ్చిన ముహూర్తం చీటీ జేబులో పెట్టుకొచ్చే మామగార్లున్నారు. మంగళవారం వద్దు, వర్జ్యం దాటాలి. రెండో కాన్పైతే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అదే కోతలో అయిపోతుందని ఇంకో లెక్క.

2017లోనే మన రాష్ట్రం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. వాళ్లు గర్భిణిని నడిపిస్తారు, గొంతుకూర్చోనిస్తారు. మేమేమో వచ్చీరాగానే బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లం, అది మాకు సౌకర్యం కాబట్టి. ఇలాంటి నర్సులను ముందు తొలిచూలు కేసుల దగ్గరే వెయ్యాలని నా పట్టుదల. అక్కడ తప్పిన కోత రెండో కాన్పులోనూ తప్పుతుంది.