జమ వైపు మాత్రమే ఉన్న ఖాతా – కోస్ దీవిలో ఒక రోజు

2023 సెప్టెంబరులో మా అబ్బాయి, కోడలు మమ్మల్ని గ్రీసు దేశంలోని కోస్ అనే దీవికి తీసుకెళ్లారు. వాళ్లు నెదర్లాండ్స్‌లో ఉంటారు. అక్కడివాళ్లకు కోస్ అంటే ఎండ, సముద్రం, చౌక ప్యాకేజీ. నాకు మాత్రం ఆ పేరు వినగానే హిప్పొక్రటీస్ గుర్తొచ్చాడు. వైద్యశాస్త్ర పితామహుడని బడిలో చదువుకున్నామే, ఆయన పుట్టిన దీవి ఇదే. పిల్లలు బీచికి పోతామంటే, నేనూ మా ఆవిడా తలా ముప్పై అయిదు యూరోలు కట్టి, ఒక్కరోజులో దీవి మొత్తం చూపిస్తామన్న బస్సు ఎక్కాం.

నేను చదివింది బి.కాం. ముప్పై అయిదేళ్లు రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. చరిత్రకారుణ్ణి కాదు, వైద్యుణ్ణి అసలే కాదు. ఎవరు ఏ అంకె చెప్పినా "వోచరు ఏదీ?" అని అడగడం మాత్రం అలవాటు. ఈ వ్యాసం ఆ అలవాటులోంచి వచ్చిందే.

బస్సు మొదట ఆగింది కోస్ పట్టణంలో, కోట పక్కనున్న పెద్ద చెట్టు దగ్గర. ప్లేన్ చెట్టు. కాశ్మీరులో చినార్ అంటారే, అదే. మాను లోపల డొల్ల అయిపోయింది, కొమ్మలకు ఇనుప ఊతకర్రలు కట్టారు. "ఈ చెట్టు కింద కూర్చునే హిప్పొక్రటీస్ శిష్యులకు పాఠం చెప్పాడు" అంది మా గైడు. యాభై ఏళ్ల గ్రీకు ఆవిడ, చక్కటి ఇంగ్లీషు. అందరూ ఫోటోలు తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను.

లెక్క చూద్దాం. హిప్పొక్రటీస్ సుమారు క్రీ.పూ. 460లో పుట్టి క్రీ.పూ. 370 ప్రాంతంలో చనిపోయాడంటారు. ఆ చెట్టు వయసు సుమారు 500 ఏళ్లు. అంటే దాదాపు 1,900 ఏళ్ల లోటు. పాత చెట్టు విత్తనం నుంచి మొలిచిందని సర్దిచెప్పేవాళ్లూ ఉన్నారనుకోండి. కానీ ఆడిట్ అభ్యంతరం అంతటితో తీరదు. చెట్టు ఉన్న ఆ పట్టణమే క్రీ.పూ. 366లో కట్టారు. అంతకుముందు దీవి ముఖ్యపట్టణం పేరు అస్తిపలైయా, అది వేరే చోట ఉండేది. అంతఃకలహాల వల్ల జనం అక్కడినుంచి లేచి ఇక్కడికొచ్చి కొత్త ఊరు కట్టుకున్నారని ప్రాచీన భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. అంటే పెద్దాయన పోయాక కట్టిన ఊళ్లో, ఆయన పోయిన పందొమ్మిది శతాబ్దాలకు మొలిచిన చెట్టు కింద, ఆయన పాఠం చెప్పాడన్నమాట!

బస్సెక్కాక ఆ సంగతి గైడుతో అన్నాను. ఆవిడ నవ్వి "తెలుసు సార్, కానీ వచ్చినవాళ్లకు ఒక చెట్టు కావాలి" అంది. నాకు కోపం రాలేదు. మన దగ్గర సీతమ్మ పసుపు ఆరేసుకున్న బండలు ఎన్ని ఊళ్లలో లేవు?

రెండో మజిలీ ఆస్క్లెపియన్, అంటే వైద్య దేవుడు ఆస్క్లెపియస్ క్షేత్రం. పట్టణానికి సుమారు 4 కిలోమీటర్లు. కొండవాలున మూడు అంతస్తుల వేదికలు, మధ్యలో వెడల్పాటి రాతి మెట్లు, పైన గుడి పునాదులు, వెనక పైన్, సైప్రస్ చెట్లు. దూరంగా నీలంగా సముద్రం, దాని అవతల టర్కీ కొండలు. మా ఆవిడ మోకాళ్ల నొప్పితోనే మెట్లన్నీ ఎక్కి, పైన అలవాటు కొద్దీ చేతులు జోడించింది. దేవుడెవరైతేనేం అంటుంది ఆవిడ. ఈ స్థలాన్ని 1902లో రుడాల్ఫ్ హెర్జోగ్ అనే జర్మన్ పండితుడు తవ్వి బయటపెట్టాడు. ఇప్పుడు కనిపించే కట్టడాలన్నీ హిప్పొక్రటీస్ తరవాత కట్టినవే. ఆయన ఈ మెట్లు ఎక్కలేదు.

రోగులు ఇక్కడ ఏం చేసేవారని అడిగాను. స్నానం చేసి, బలి ఇచ్చి, రాత్రి దేవుడి సన్నిధిలో పడుకునేవారట. కలలో దేవుడొచ్చి నయం చేయడమో, మందు చెప్పడమో చేసేవాడట. నయమైనవాళ్లు మొక్కు చెల్లించి పలక కట్టేవారట. గైడు చెప్పేది మా ఆవిడకు నేను తెలుగులో చెబుతుంటే "అదేముందండీ, మనవాళ్లు గుడిలో నిద్ర చేయడమేగా" అంది. ఆ మాటకు నాలో ఏదో కలుక్కుమంది. ఎందుకో తరవాత చెబుతాను.

అలాంటి మొక్కు పలకలు బాగా దొరికింది కోస్‌లో కాదు, గ్రీసు ప్రధాన భూభాగంలోని ఎపిడారస్‌లో. అదీ ఆస్క్లెపియస్ క్షేత్రమే. క్రీ.పూ. 4వ శతాబ్దంలో చెక్కిన రాతి శాసనాల మీద సుమారు 70 మహిమల కథలున్నాయి. కోస్‌ను తవ్విన హెర్జోగే 1931లో వాటి మీద పుస్తకం వేశాడు. అయిదేళ్లు గర్భం మోసిన ఒక స్త్రీ అక్కడ నిద్ర చేసి, బయటికి రాగానే కొడుకును కన్నదట. వాడు పుట్టీపుట్టగానే ఊట నీళ్లలో స్నానం చేసి తల్లి వెంట నడిచాడట! ఇంకొకటి మన హేతువాదులకు ప్రత్యేకం. ఏథెన్స్ నుంచి వచ్చిన అంబ్రోసియా అనే ఒంటికన్ను స్త్రీ ఆ శాసనాలు చదివి, కుంటివాళ్లూ గుడ్డివాళ్లూ కల కంటేనే బాగవుతారా అని నవ్విందట. రాత్రి దేవుడు కలలో కనిపించి, నయం చేస్తాను గానీ నీ అజ్ఞానానికి గుర్తుగా గుడికి ఒక వెండి పంది సమర్పించుకో అన్నాడట. చూశారా! సందేహించేవాళ్లకు జరిమానా 2,300 ఏళ్ల కిందటే రాతిలో చెక్కి పెట్టారు.

ఈ శాసనాలకు జవాబు కూడా ఆ గ్రీకులే చెప్పారు. సమోత్రేస్ దీవిలో, తుపాను నుంచి బయటపడ్డవాళ్లు కట్టిన మొక్కు పలకలను ఒక మిత్రుడు నాస్తికుడైన డయాగొరస్‌కు చూపించి, దేవుళ్లు మనుషుల్ని పట్టించుకోరంటావే, ఇవి చూడు అన్నాడట. మరి మునిగిపోయినవాళ్ల పలకలు ఎక్కడా అని ఆయన అడిగాడట. ఈ కథను చెప్పినవాడు రోమన్ రచయిత సిసిరో. ఇదే జవాబును డయోజినిస్ పేర చెప్పినవాళ్లూ ఉన్నారు. ఎవరన్నా గానీ, లెక్కల మనిషికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. జమ పద్దులు మాత్రమే రాసి ఖర్చు పద్దులు రాయని ఖాతా ఎప్పుడూ లాభమే చూపిస్తుంది.

దేవుడి ఖాతాలో జమ ఎలా పడుతుందో చెప్పే ఉదాహరణ ఈ గుడి చరిత్రలోనే ఉంది. సీజర్ హంతకుల్లో ఒకడైన టురూలియస్, తరవాత ఆంటొనీ పక్షాన చేరి, యుద్ధనౌకల కోసం ఈ క్షేత్రంలోని పవిత్ర వనాన్ని నరికించాడు. క్రీ.పూ. 30లో ఆక్టేవియన్ అతణ్ణి కోస్‌లోనే చంపించాడు. సీజర్‌ను చంపినవాణ్ణి సీజర్ దత్తపుత్రుడు చంపించడంలో వింతేముంది? అయినా జనం దాన్ని ఆస్క్లెపియస్ కక్ష తీర్చుకున్నట్టు చెప్పుకున్నారు.

నిజంగా వోచరున్న జమలు వేరే ఉన్నాయి. ఇక్కడి ఆఫ్రొడైటీ చిత్రం చిత్రకారుడు అపెలిస్ వేసినది. దాన్ని రోముకు తీసుకుపోయినప్పుడు దీవి కట్టవలసిన కప్పంలో 100 టాలెంట్లు తగ్గించారని స్ట్రాబో రాశాడు. క్రీ.శ. 53లో క్లాడియస్ చక్రవర్తి తన సొంత వైద్యుడు, కోస్ వాడైన జెనొఫోన్ కోరిక మీద దీవికి పన్నులు రద్దు చేశాడు. దేవుడి పవిత్రత గురించి చెప్పినా, అసలు కారణం ఆస్థాన వైద్యుడి కోరికేనని ఆయన దాచలేదు. ఇవన్నీ గైడు చెప్పలేదు, వచ్చాక చదువుకున్నాను.

ఆ తరవాత జియా అనే కొండ ఊళ్లో దాల్చినచెక్క షర్బత్ తాగి, తేనె దుకాణాలు చూశాం. అంటిమాకియాలో గాలిమర దగ్గర పది నిమిషాలు. ఎండ మండిపోతోంది. బస్సులో మా ఆవిడ నిద్రపోయింది. నేను మాత్రం ఆవిడ అన్న మాటే తలుచుకుంటూ కూర్చున్నాను.

మా తమ్ముడు నాకన్నా మూడేళ్లు చిన్న. పదమూడో ఏట వాడికి మూర్ఛ మొదలైంది. మొదట్లో చేతిలో తాళంచెవి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం అన్నీ అయ్యాయి. తరవాత నాన్న ధైర్యం చేసి పట్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. మాత్రలు ఇచ్చారు. వారానికొకసారి వచ్చే మూర్ఛ రెండు మూడు నెలలకొకసారికి తగ్గింది. 1979లో బంధువులొకాయన వచ్చి, ఫలానా చోట పదకొండు రాత్రులు నిద్ర చేయించండి, అయితే మందులు మానేయాలి, దేవుడికీ డాక్టరుకూ పొసగదు అన్నాడు. అమ్మ పట్టుబట్టింది. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. అడ్డం చెప్పలేదు. చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు.

వెళ్లొచ్చాక నెల రోజులు మూర్ఛ రాలేదు. నెలల తరబడి రాకపోవడం మందులతో ఉన్నప్పుడూ జరిగేదే, ఆ లెక్క అప్పుడు ఎవరికీ తట్టలేదు. నాన్న సంతోషంతో ఒక చలవరాతి పలక చెక్కించి అక్కడి గోడకు పెట్టించాడు. "మా కుమారునికి మూర్ఛ నయమైనందుకు" అని వాడి పేరుతో సహా. మరో రెండు నెలలకు వాడు కాలవలో స్నానానికి దిగి మూర్ఛ వచ్చి మునిగిపోయాడు. వాడికి పదిహేడేళ్లు.

పలక మాత్రం ఉంది. 2011లో వెళ్లి చూశాను. తీసేయమని అక్కడివాళ్లను అడిగితే, భక్తులు పెట్టినవి తీయకూడదండీ అన్నారు. ఇప్పటికీ ఎవరో ఒక తండ్రి ఆ గోడ ముందు నిలబడి మా తమ్ముడి పేరు చదివి ధైర్యం తెచ్చుకుంటూ ఉంటాడు. డయాగొరస్ అడిగిన ప్రశ్నకు మా ఇంట్లో ఇంకో మెలిక ఉందన్నమాట. మునిగిపోయినవాడు కూడా జమ వైపే ఉన్నాడు.

మూర్ఛ గురించే హిప్పొక్రటీస్ పేర ఒక గ్రంథం ఉంది. దాన్ని ఆ రోజుల్లో "పవిత్ర వ్యాధి" అనేవారు. ఈ వ్యాధి మిగతా వ్యాధులకన్నా పవిత్రమైనదేమీ కాదు, దీనికీ ప్రకృతిలోనే కారణం ఉంది, అది మెదడులో ఉంది అంటాడు ఆ రచయిత. మంత్రగాళ్లు తమ చేతగానితనాన్ని దేవుడి మాటున దాచుకుంటున్నారంటాడు. ఇదే జబ్బు వచ్చిన మేక తల కోసి చూడండి, మెదడు నీరుపట్టి ఉంటుంది అంటాడు. కారణం కఫం అన్నాడు, అది తప్పు. ఆ గ్రంథం హిప్పొక్రటీసే రాశాడని కూడా రుజువు లేదు. ఆయన పేర చెలామణి అయ్యే సుమారు 60 రచనలు చాలామంది రాసినవి. ఆయన పేరుతో ఉన్న వైద్యుల ప్రమాణం కూడా అపొలో, ఆస్క్లెపియస్‌ల సాక్షిగానే మొదలవుతుంది. కాబట్టి ఆయన్ను మన సంఘంలో సభ్యుడిగా చేర్చుకోవలసిన పని లేదు.

మరి గొప్పేముంది? బస్సు చివరి మజిలీ కెఫలోస్ దగ్గర నాకు ఆ జవాబు దొరికింది. దీవికి పడమటి కొస. ఒడ్డున పాత క్రైస్తవ చర్చి శిథిలాలు, ఎదురుగా నీళ్లలో ఒక చిన్న గుట్ట. "ఇక్కడ చరిత్ర తక్కువ, గంటన్నర ఈత కొట్టుకోండి" అంది గైడు. ఆ పాత పట్టణం అస్తిపలైయా ఉండేది ఈ ప్రాంతంలోనే! హిప్పొక్రటీస్ నిజంగా తిరిగిన నేల ఏదైనా ఉంటే ఇటువైపే వెతకాలి. ఇక్కడ చెట్టూ లేదు, బోర్డూ లేదు.

మా అబ్బాయి ఫోనులో ఎక్కించి ఇచ్చిన "ఎపిడెమిక్స్" అనే గ్రంథం తెరిచాను. దాని 1, 3 భాగాల్లో 42 మంది రోగుల వివరాలు రోజువారీగా ఉన్నాయి. ఏ రోజు జ్వరం, ఏ రోజు నిద్ర లేదు, మూత్రం ఎలా ఉంది, చివరికి ఏమైంది. మొదటి పేరు ఫిలిస్కస్, గోడ పక్కన కాపురముండేవాడు. ఆరో రోజున చనిపోయాడు. ఆ 42 మందిలో 25 మంది చనిపోయారు. తన దగ్గర ఎక్కువమంది చచ్చిపోయారని రాసుకున్న వైద్యుడు! ఎపిడారస్ శాసనాల్లో చావు లేదు. ఈ పుస్తకంలో సగానికి పైగా చావులే. చికిత్సలు తప్పయినా, కారణాలు తప్పయినా, ఖర్చు వైపు కూడా రాసిన ఖాతా కాబట్టి తరవాతివాళ్లు దాన్ని దిద్దగలిగారు.

మా ఆవిడ పాదాలు తడుపుకుని వచ్చి పక్కన కూర్చుంది. చదివింది చెప్పాను. కాసేపాగి "ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ పలక కింద ఇంకో పలక పెడదామండీ, వాడు పోయిన తారీఖు వేసి" అంది. నా అవిశ్వాసంతో నలభై ఏళ్లుగా ఏకీభవించని మనిషి అన్న మాట ఇది. 2024 సంక్రాంతికి వెళ్లి అడిగాం. ఒప్పుకోలేదు. మళ్లీ అడుగుతాను.

మన దేశంలో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మహిమతో నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు అగ్నిప్రమాదంలో చనిపోయారు. ఆ 28 పేర్లు ఏ మొక్కు గోడ మీద ఉంటాయి? ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ వ్యాధి ఉందనీ, సరిగా గుర్తించి మందులు వాడితే వారిలో 70 శాతం దాకా మూర్ఛలు లేకుండా బతకవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికైనా ఉంటే ఒక్క మాట చెప్పండి. గుడికి వెళ్తామంటే వెళ్లనివ్వండి, వాదన పెట్టుకోకండి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపనివ్వకండి. 1979లో నేను చెప్పకుండా ఊరుకున్న మాట అదే.